మధుర పదార్థములు – మితభోజనము

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ సభయందు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు సవిస్తరముగా మాటలాడిరి. మాకు నియమింపబడిన విషయము వానివలె గంభీరమైనదిగా తోపకపోవచ్చును. తీపి పదార్థములను మితిమీరి తినకుండుట యెట్లు, దేహభారమును అదుపునందుంచుకొనుట యెట్లు అనునది మా విషయము. పండుగలు, పెండ్లిండ్లు గల కులమున తీపి తినవలదని చెప్పువానికి శ్రోతలు దొరకుట కష్టమే. అట్లు చెప్పుటకు మేము రాలేదు. ఎంత తినవలెను, ఎప్పుడు చాలుననవలెను, చాలుననిన మనుష్యుని తక్కినవారు ఎట్లు గౌరవింపవలెను అను మూడు సంగతులను విన్నవించుటకు మాత్రమే నిలిచితిమి.

ప్రతి సంవత్సరమును ఈ సభ ప్రారంభమున, గడచిన యేట దివంగతులైన మనవారి పేర్లు చదివి సంతాపము తెలుపుచున్నాము. నిండు నూరేండ్లు బ్రదికిన వృద్ధుని పేరు విన్నపుడు చేతులు జోడింతుము. ఇంకను పిల్లల పెండ్లిండ్లు చేయని గృహస్థుని పేరు విన్నపుడు మాత్రము సభయంతయు నిశ్శబ్దమగును. గుండెపోటు, పక్షవాతము, మూత్రపిండముల వ్యాధి, కాలికి పుండు పడి మానకపోవుట – ఈ మాటలు మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచున్నవి. ఇవి యన్నియు తీపివలననే వచ్చినవని మేము చెప్పము. పొగాకు, రక్తపుపోటు, వంశగుణము, వ్యాయామలోపము మొదలగు కారణములు పెక్కులు కలవు. అయినను అధికభారమును, మధుమేహమును వీనిలో ననేకమునకు మూలములని వైద్యశాస్త్రము నిశ్చయించినది. మన చేతిలోనున్న కారణములలో విస్తరి మీది తీపి యొకటి. కావున ఈ విషయము నవ్వులాట కాదని మా మనవి.

ముందుగా మన ప్రాంతపు స్థితిని కొంచెము తలచుకొందము. మూసీనది కృష్ణలో కలియు వాడపల్లి మనకు దూరము కాదు. అయినను నదుల చెంతనుండియు ఈ సీమలో పెక్కు భూములు వాననే నమ్ముకొనియుండెను. చెఱువుల క్రింద కొంత వరి పండెడిది. తక్కిన నేలయందు జొన్న, సజ్జ, కంది, ఆముదము వేసెడివారు. జొన్నరొట్టె, గటుక, అంబలి సామాన్య గృహస్థుని నిత్యాహారము. తెల్లని వరియన్నమే పండుగనాటి భోజనమైన యిండ్లెన్నియో యుండెను. అట్టి యిండ్లలో అరిసె యనగా ఏటికొకమాఱు కంటబడు వస్తువు.

1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడినది. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల పొలములకు పాఱినది. మెట్ట మాగాణి యయ్యెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు దేశమంతట పేరు వచ్చెను. సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు–విజయవాడ రహదారిపై నుండుటచే వర్తకము పెరిగెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా కేంద్రమును అయ్యెను. ఇది యంతయు మన భాగ్యము. కఱవు నెఱిగినవారు ఈ నీటిని, ఈ పంటను నిందింపజాలరు.

అయితే కలిమితోపాటు రెండు మార్పులు వచ్చినవి. మూడుపూటలను బాగుగా పాలిషు పట్టిన తెల్లని బియ్యమే ఆహారమైనది. జొన్నరొట్టె యిప్పుడు వైద్యుడు చెప్పిన పిమ్మట తిరిగి మన యింటికి వచ్చుచున్నది. రెండవది, దేహశ్రమ తగ్గినది. నాగలి వెంట నడచిన రైతునకు ట్రాక్టరును, కోతయంత్రమును వచ్చినవి. బస్తాలు లెక్కించుచు గిడ్డంగులలో తిరిగిన వర్తకుడు గల్లాపెట్టె కడ కూర్చుండి టెలిఫోనులోనే బేరము ముగించుచున్నాడు. రోకలి, తిరుగలి, బావి చేద స్త్రీల చేతులనుండి తొలగిపోయినవి. తొలగిపోవుటయు మంచిదే, ఆ చాకిరి మరల రావలెనని కోరువారెవరు? కాని ఆ చాకిరికి సరిపోయిన ఆకలి మాత్రము మనలను వీడలేదు. రహదారి మూలముగా నొకవైపునుండి హైదరాబాదు డబల్ కా మీఠాయు, ఖుబానీ కా మీఠాయు, మఱియొకవైపునుండి బందరు లడ్డును, ఆత్రేయపురపు పూతరేకులును మన ముంగిటికి వచ్చినవి. ఏటికొకమాఱు వచ్చిన తీపి ఏనాడు కోరిన ఆనాడే దొరకుచున్నది.

ఇక దేశపు లెక్కలను గమనింపుడు. భారత వైద్య పరిశోధనా మండలివారి ఆధ్వర్యమున దేశమంతట జరిగిన పరిశోధనా ఫలితములు 2023వ సంవత్సరమున వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడియున్నారు. ఆ వ్యాధి గడపయందు నిలిచియున్నవారు 13 కోట్ల 60 లక్షలు. పెద్దవారిలో నూటికి 28 మందికి మించి స్థూలకాయులు. నడుము చుట్టును క్రొవ్వు చేరినవారు నూటికి 39 మందికి మించియున్నారు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో తెలంగాణమున నూటికి సుమారు 30 మంది స్త్రీలును, 32 మంది పురుషులును అధికభారము గలవారుగా తేలినారు. పట్టణములలో నింకను ఎక్కువ. ఈ సభలో వరుసకు పదిమంది చొప్పున కూర్చుండియున్నాము. ప్రతి వరుసలోను ముగ్గురని అనుకొన్నచో మన లెక్క తప్పదు.

తమ స్థితిని తెలిసికొనుటకు యంత్రములక్కఱలేదు. కిలోల బరువును, మీటర్లలో ఎత్తును రెండుమాఱులు పెట్టి భాగించినచో వచ్చు సంఖ్య మనవంటి ఆసియావాసులకు 23 దాటరాదు. 25 దాటినచో స్థూలత్వము. 165 సెంటీమీటర్ల ఎత్తుగలవాడు సుమారు 63 కిలోలకు లోబడియుండుట మేలు. 68 దాటినచో జాగ్రత్తపడవలెను. ఇంతకంటెను సులభమైన కొలత దర్జీవాని టేపు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. మనవారిలో చేతులు కాళ్లు సన్నముగా నుండి పొట్ట మాత్రము ముందునకు వచ్చినవారు తఱచుగా కనబడుదురు. చూచినవారు దానిని కలిమికి గుర్తందురు. వైద్యులు దానిని మధుమేహమునకు గుర్తందురు.

ఇది పాశ్చాత్యులు నేర్పిన క్రొత్త భయమని కొందఱు తలంతురు. అట్లు కాదు. చరకసంహితలో నిందింపదగిన ఎనిమిది విధముల దేహములను చెప్పుచు అతిస్థూలుని అందు చేర్చి, ఆ స్థితివలని దోషములను వివరముగా వ్రాసియున్నారు. కడుపును మూడు భాగములుగా భావించి, ఒక భాగమును ఘనాహారమునకును, ఒక భాగమును ద్రవమునకును, ఒక భాగమును దోషముల సంచారమునకును విడువవలెనని అందే కలదు. ప్రమేహము ఎవరికి వచ్చునని సుశ్రుతుడు చెప్పిన చోట పగటినిద్ర, వ్యాయామము లేమి, మధురములును స్నిగ్ధములును అగు ఆహారములు పేర్కొనబడినవి. గల్లాపెట్టె ముందు కూర్చుండి, భోజనానంతరము రెండు గంటలు నిద్రించి, సాయంకాలము మిఠాయి తెప్పించుకొను మన దినచర్యను ఆ మహానుభావుడు ముందుగానే చూచి వ్రాసెనా యనిపించును.

ఇట్లనుటచే తీపి మనకు శత్రువని తలంపరాదు. బతుకమ్మ తొమ్మిది దినములును నైవేద్యములతో నడుచును. మలీద ముద్దలు, సత్తుపిండి, నువ్వుల ముద్దలు, పల్లీల ముద్దలు పళ్లెరములయందు పెట్టుకొని స్త్రీలు చెఱువుగట్టునకు పోవుదురు. సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి భక్ష్యములు, శ్రావణమాసమున పూర్ణములు, దీపావళికి గరిజెలు – ఇవి లేనిచో ఆ పండుగ పేరే తోచదు. అయితే పూర్వపు తీపికిని నేటి తీపికిని ఒక భేదము కలదు. పూర్వము తీపి పంచుటకై పుట్టినది. బతుకమ్మ నీటిలో సాగిన పిమ్మట సత్తుపిండిని ఒకరికొకరు చేతిలో నుంచుకొని పోవుదురు. ఒక్కొక్కరికి వచ్చునది చిటికెడు. కూతురు అత్తవారింటికి పోవునపుడు సారె గంపలతో పోవును. ఆ గంపలోని లడ్డును అరిసెయు వాడకట్టులో ఇంటికొకటి రెండు చొప్పున చేరును. గంప పెద్దదైనను తినువారు వందమంది. నేడో, గంప స్థానమున అట్టపెట్టె వచ్చినది. పంచువారికి తీఱిక లేదు. పెట్టె రిఫ్రిజిరేటరులో చేరును. ఇంట నలుగురే యుందురు. వారము దినములు తలుపు తెఱచిన ప్రతిమాఱును ఆ తీపి పలుకరించును. పెద్దలు చేసిన ఏర్పాటులో సగము నిలుపుకొని, పంచుట యను సగమును మనము విడిచితిమి. ఈ సంగతిని మా సోదరీమణులు ప్రత్యేకముగా ఆలోచింపవలెనని ప్రార్థన.

తీపిపై మనస్సు పోవుట దోషము కాదు. అది పుట్టుకతో వచ్చిన గుణము. తల్లిపాలు తియ్యనివి. అడవులలో తిరిగిన పూర్వమానవునకు తియ్యని పండు బలమునిచ్చుననియు, విషము కాదనియు గుర్తు. కఱవుకాలములలో దొరకినపుడు తిని దాచుకొన్న దేహమే బ్రదికినది. ఆ దేహమే మనకు వారసత్వముగా వచ్చినది. కావున మిఠాయి చూచి నోరూరినవాడు బలహీనుడును కాడు, నీచుడును కాడు. ఆ దేహము మాఱలేదు. దాని చుట్టునున్న లోకము మాఱినది. ఈ సత్యము నెఱిగినవాడు తన్నుతాను తిట్టుకొనుట మాని, ఉపాయము వెదకును.

ఉపాయమునకు ముందు ఆకర్షణ యెప్పుడెప్పుడు హెచ్చునో తెలియవలెను. ఒకటి, నిద్ర చాలనపుడు. తక్కువ నిద్రించినవారికి మఱునాడు ఆకలి పెరుగునని పరిశోధకులు కనుగొనిరి. పెండ్లివారింట తీపి ఎక్కువ చెల్లుటకు ఇదియు నొక కారణము. రెండు, ఒక పూట తినక మానినపుడు. మధ్యాహ్నము పస్తుండి బరువు తగ్గుదునని తలంచినవాడు సాయంకాలము మిఠాయి దుకాణము దాటలేడు. మూడు, రకములు పెరిగినపుడు. ఒక రుచితో విసిగిన నాలుక వేఱొక రుచి కనబడగానే మరల ఆకలిగొనును. కడుపు నిండినదన్న మనుష్యుడు జిలేబి రాగానే చోటు చేయుట మనమందఱము చూచినదే. ఒకే పదార్థమును పెట్టినప్పటికంటె పలువిధములైనవి పెట్టినపుడు మనుష్యులు ఎక్కువ తిందురని పరీక్షలలో తేలినది. ఇక నాలుగవది అన్నింటికంటె బలమైనది. అది ఆకలి కాదు, మొగమాటము.

మన విందులను తలచుకొనుడు. విస్తరి ముందు కూర్చుండిన వియ్యంకుడు చేయి అడ్డము పెట్టును. వడ్డించు బావమఱది వంగి, "ఇంకొక్కటి వేసుకోండి బావగారూ, నా మీద ఒట్టు" అనును. "వద్దు బావా, డాక్టరు గారు వద్దన్నరు" అన్నచో, "ఈ ఒక్కనాటికి డాక్టరును పక్కకు పెట్టుండ్రి" అని చేతి సందునుండియే భక్ష్యము విస్తరిలో పడును, దానిపై నేయి. పడినదానిని విడిచినచో అన్నపూర్ణకు అపచారము, తిన్నచో దేహమునకు అపచారము. పెట్టినవాడు ప్రేమతోనే పెట్టెను. తిన్నవాడు గౌరవముతోనే తినెను. ఇరువురిలో నెవ్వరును చెడ్డవారు కారు. అయినను ఆ రాత్రి ఆ పెద్దమనిషి రక్తములో చక్కెర ఎంత పెరిగినదో వియ్యాలవారికి తెలియదు. కొసరి వడ్డించుట కఱవునాటి మర్యాద. ఇంట తగినంత లేని అతిథి సిగ్గుచే అడుగజాలడని, ఆతని సిగ్గును తొలగించుటకు ఒట్టు పెట్టెడివారు. నేటి అతిథి ఆకలితో రాలేదు. మూడు శుభలేఖలలో రెండవ విందు ముగించి వచ్చినాడు. కాలము మాఱినపుడు మర్యాదయొక్క రూపమును మాఱవలెను. అతిథి మాటను నమ్ముటయే నేటి మర్యాద.

కొంచెము గణితము చెప్పుదుము. వర్తకము చేయువారికి గణితము రుచించును. ఒక గ్రాము చక్కెర 4 కేలరీలు, ఒక గ్రాము నేయి 9 కేలరీలు. ఒక భక్ష్యమున 20 గ్రాముల బెల్లము, 10 గ్రాముల నేయి, 15 గ్రాముల పిండి, 15 గ్రాముల పప్పు చేరినవనుకొందము. మొత్తము సుమారు 270 కేలరీలు. సామాన్య శ్రమగల మనుష్యునకు దినమునకు 2,000 కేలరీలు చాలుననుకొన్నచో, మూడు భక్ష్యములు ఆ దినపు ఆహారములో అయిదింట రెండు వంతులు; అన్నము ఇంకను మొదలుపెట్టనే లేదు. ఒక్క భక్ష్యమును ఖర్చు పెట్టుటకు సుమారొక గంట వడిగా నడువవలెను. నడకతో తీపిని తీర్చివేయుదుమను ధైర్యము లెక్కకు నిలువదు.

పండుగనాటి భక్ష్యముకంటె నిత్యపు చాయను గమనింపుడు. కప్పునకు రెండు చెంచాల చొప్పున దినమునకు 5 కప్పులు త్రాగువాడు 10 చెంచాల చక్కెర, అనగా సుమారు 40 గ్రాములు, తనకు తెలియకయే తీసికొనుచున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015వ సంవత్సరమున చెప్పినదాని ప్రకారము, ఇట్లు చేర్చుకొను చక్కెర మొత్తపు శక్తిలో పదవవంతునకు తక్కువగా, అనగా సుమారు 50 గ్రాములలోపల నుండవలెను; 25 గ్రాములకు తగ్గించుట మఱింత మేలు. చాయతోనే 40 గ్రాములైనచో మిఠాయికి చోటెక్కడ? బెల్లమైనను, తేనెయైనను, తాటిబెల్లమైనను ఈ లెక్కలోనివే. బెల్లము మంచిదని రెండింతలు వేసికొనుట, వడ్డీ తక్కువయని రెండింతలు అప్పుచేయుట వంటిది.

ఇక ఉపాయములు. మొదటిది, చాయలో చక్కెర తగ్గించుట. రెండు చెంచాలనుండి ఒకటిన్నరకు, పిమ్మట ఒకటికి, ఆపైన అరకు – పదిహేను దినములకొకమాఱు దిగినచో నాలుక అలవాటుపడును. పండుగ తీపికి చేయి పెట్టకుండగనే సగము పని ముగియును. రెండవది, తీపిని ఆకలి తీఱిన పిమ్మట తినుట. మన విస్తరిలో తీపి మొదట వడ్డించుట ఆచారము. ఆచారమునకు చిటికెడు నోట నుంచుకొని, పప్పు, కూర, పెరుగుతో భోజనము ముగించి, తక్కినది కడపట తినవచ్చును. కూరయు పప్పును ముందు తిన్నచో రక్తములో చక్కెర అంత వేగముగా పెరుగదు. ఆకలి తీఱినవాడు అధికముగా కోరనుగూడ కోరడు. మూడవది, ఆ తీపిని నిదానముగా తినుట. కడుపు నిండినదను వార్త మెదడునకు చేరుటకు కొంతసేపు పట్టును. ఒక్క అరిసెను మాటలాడుచు నాలుగు ముక్కలుగా తిన్నవానికి కలుగు తృప్తి, నిలుచుండి మూడు మ్రింగినవానికి కలుగదు. మొదటి రెండు ముక్కలలోనే రుచియంతయు కలదు. పిమ్మటివి అలవాటుచే లోపలికి పోవును.

నాలుగవది, కంటికి దూరముగా నుంచుట. గల్లాపెట్టె ప్రక్కన మిఠాయి పెట్టె పెట్టుకొని, తినరాదని దినమంతయు మనస్సుతో పోరాడుట వివేకము కాదు. ఆ పోరాటములో ఎప్పుడో యొకప్పుడు అలసిపోదుము. పెట్టెను పంచివేసినచో పోరాటమే యుండదు. అయిదవది, ముందుగా నిర్ణయించుకొనుట. ఏ పండుగకు ఏ తీపి, ఎన్ని అని ఇంటినుండి బయలుదేరకమునుపే మనస్సులో నిశ్చయించుకొన్నవాడు విస్తరి ముందు తడబడడు. జన్మలో తీపి ముట్టనని శపథము చేసినవారు శపథము తప్పిన దినమున ఎట్లును తప్పినదిగదా యని కడుపునిండ తిందురు. నాకు ప్రియమైన పూర్ణము ఒకటి తిందును, ప్రియము కానిది మానుదును అనువారి నియమము ఏండ్లతరబడి నిలుచును. ఒకనాడు మితి తప్పినను, ఆ పూటతో దానిని విడిచి మఱుపూట యథాక్రమమునకు రావలెను. ఒకనాటి నష్టమునకు దుకాణము మూయు వర్తకుడు లేడు.

ఇట్టి చిన్న మార్పులవలన ఫలమేమని అడుగువారికి దక్షిణదేశపు నిదర్శనమే కలదు. చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రన్ గారును, వారి సహచరులును మధుమేహపు గడపయందున్న వందలమందిని పరిశీలించి 2006వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. మూడు సంవత్సరములలో, ప్రత్యేక శిక్షణ పొందనివారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. ఆహారమును, నడకను సవరించుకొన్నవారిలో 39 మందికి మాత్రమే వచ్చినది. విశేషమేమనగా, రెండవవారి బరువు చెప్పుకోదగినంత తగ్గనేలేదు. అయినను మేలు కలిగినది. కావున తూకపుముల్లు కదలలేదని మొదటి నెలలోనే నిరాశ చెందరాదు. మన హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918వ సంవత్సరమున కూనూరులో చిన్న పరిశోధనాశాలగా పుట్టి, 1958వ సంవత్సరమున హైదరాబాదునకు వచ్చినది. మన యన్నము, మన పప్పు, మన పిండివంటలలో నేమున్నదో లెక్కగట్టి పుస్తకములు ప్రకటించిన సంస్థ అది. చీట్ల మందులను, పత్రికలలోని ప్రకటనలను నమ్ముటకంటె అట్టివారి మాట వినుట మేలు.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసికొనువారు ఈ ప్రసంగము విని ఒక్కమాఱుగా ఆహారము తగ్గించుటయో, ఉపవాసముండుటయో చేయరాదు. చక్కెర మిక్కిలి పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, ఎదుగు పిల్లలును బరువు తగ్గించు ప్రయత్నములకు పూనరాదు. బరువు తగ్గించుటకు ఇటీవల వచ్చిన సూదిమందులు వైద్యుని నిర్ణయము లేక ముట్టదగినవి కావు. రెండవ హెచ్చరిక మన నోటికి సంబంధించినది. లావుగానున్న పిల్లను చూచి పదిమందిలో హాస్యమాడుట, పెండ్లిచూపులలో కోడలి నడుమును గూర్చి మాటలాడుట మనలో కలదు. అట్లు అవమానింపబడినవారు సన్నబడరు. గదిలో తలుపు వేసికొని దుఃఖముచే మఱింత తిందురు. దేహమును గూర్చి ఒకరినొకరు నిందించుకొనుటకు ఈ ప్రసంగమును ఆధారము చేసికొనరాదని చేతులు జోడించి వేడుచున్నాము.

ఇంటి ఇల్లాలిని గూర్చి ఒక మాట. వండునది ఆమె, వడ్డించునది ఆమె, అందఱును తిన్నపిమ్మట మిగిలినదానిని పాఱవేయ మనసొప్పక తినునదియు నామెయే. పిల్లవాడు విడిచిన సగము లడ్డు, గిన్నె అడుగున మిగిలిన పాయసము ఎవ్వరి లెక్కలోను చేరవు. ఆమె దేహము మాత్రము లెక్క వ్రాసికొనుచుండును. అన్నము పరబ్రహ్మస్వరూపమని మనము నమ్ముదుము. ఆ నమ్మకమునకు తగిన పని తక్కువ వండుట, మిగిలినది వెంటనే పంచుట. ఇల్లాలి కడుపు మిగులు పదార్థముల గిడ్డంగి కారాదు. ఆమెకును సాయంకాలము అరగంట నడచుటకు తీఱిక కల్పించుట ఇంటి పురుషుల విధి.

ఒక్కని మనోబలముచే ఒక్కనాడు గెలువవచ్చును. పదిమంది ఆచారము మాఱినపుడే నిత్యము గెలుతుము. వరకట్నమును గూర్చియు, ఆడంబరపు పెండ్లిండ్లను గూర్చియు తీర్మానములు చేయుట కులసభల పని యైనచో, విందు మర్యాదను గూర్చి మాటలాడుటయు మన పనియే. కావున ఈ మహాసభవారి యాలోచనకై అయిదు సూచనలను సమర్పించుచున్నాము.

1. మన వివాహాది శుభకార్యములలో తీపి పదార్థములు రెండింటికి మించకుండుట; అవియు చిన్న పరిమాణమున చేయించుట. అయిదు తీపులు పెట్టిన యింటివారికి పేరు, రెండు పెట్టినవారికి లోభియను నింద రాకుండ పెద్దలే ముందుగా తమ యిండ్లలో నడిపి చూపుట.

2. వడ్డించువారు ఒక్కమాఱే అడుగుట. ఒట్టు పెట్టకుండుట. చేయి అడ్డము పెట్టిన విస్తరిలో వేయకుండుట.

3. మిగిలిన పిండివంటలను పెట్టెలలో ఇంటికి మోయక, ఆనాడే వాడకట్టున పంచుట.

4. సంఘపు సమావేశములలో చాయను చక్కెర లేక పోసి, చక్కెరను వేఱుగా నుంచుట. కావలసినవారు కావలసినంత వేసికొందురు.

5. వచ్చు మహాసభయందు పేర్లు వ్రాసికొను బల్లప్రక్కనే తూకమును, కొలత టేపును, రక్తపరీక్షను ఏర్పాటుచేయుట. మనలో వైద్యవృత్తియందున్న యువకులు ఒక్కదినము సేవ చేసినచో ఇది కష్టము కాదు. తనకు వ్యాధి కలదని తెలియక తిరుగువారు వ్యాధి గలవారిలో ఎందఱో కలరు.

వీనిలో ఏ యొక్కదానికిని ధనమక్కఱలేదు. పైపెచ్చు కొంత ధనము మిగులును. ఆ మిగులును విద్యార్థి వేతనముల నిధికి చేర్చినచో, విస్తరిలో వృథాయైన భక్ష్యము ఒక పిల్లవాని పుస్తకమగును.

మహాశయులారా! మన తాతలు జొన్నరొట్టెతో బ్రదికి, చెమటోడ్చి, మనకు పచ్చని పొలములను, నిండిన గాదెలను ఇచ్చిపోయిరి. ఆకలిని జయించిన తరము వారిది. నిండిన విస్తరి ముందు చాలుననగలుగుట మన తరమునకు మిగిలిన పరీక్ష. మన బిడ్డలు మనలను చూచియే నేర్చుకొందురు. తండ్రి ఒక అరిసె తిని తృప్తితో లేచుట చూచిన పిల్లవానికి ఉపన్యాసములు అక్కఱలేదు. ఈ సూచనలను సభవారు విమర్శించి, సవరించి, తగినవానిని తీర్మానరూపమున అంగీకరింతురని ఆశించుచున్నాము.